డోర్ట్‌ముండ్ 2005లో దివాలా అంచు దాకా ఎందుకు వెళ్లింది? షేర్లమ్మిన డబ్బు ఏమైంది?

వరంగల్_వింగర్:

జర్మన్ ఫుట్‌బాల్ క్లబ్ బోరుస్సియా డోర్ట్‌ముండ్ గురించి కొన్ని చిక్కుముళ్లున్నాయి, తెలిసినవాళ్లు విప్పండి. 1997లో ఛాంపియన్స్ లీగ్ గెలిచారు. 2000లో షేర్ మార్కెట్‌కి వెళ్లి డబ్బు తెచ్చుకున్నారు. 2002లో మళ్లీ బుండెస్‌లీగా (జర్మనీ టాప్ లీగ్) కొట్టారు. మరి మూడేళ్లు తిరిగేసరికి సొంత స్టేడియానికే అద్దె కట్టలేని స్థితికి ఎలా వచ్చారు?

ఇంకో రెండు సందేహాలు. క్లబ్ చేతిలో షేర్లు 5 శాతం అటూ ఇటూనే అంటారు, అయినా 50+1 రూల్ ప్రకారం పెత్తనం క్లబ్‌దే అంటారు. ఈ లెక్క ఎలా కుదురుతుంది? రెండోది, "బయెర్న్ మ్యూనిక్ అప్పిచ్చి డోర్ట్‌ముండ్‌ని బతికించింది" అని వీడియోల మీద వీడియోలు వస్తున్నాయి. నిజమేనా, లేక వ్యూస్ కోసం చెప్పే కథా?

---

లెక్కల_మాస్టారు:

డబ్బు ఎవరో ఎత్తుకుపోలేదు. ఒక్కసారి వచ్చే డబ్బును చూసుకుని, ఏటేటా పడే ఖర్చును నెత్తికెత్తుకున్నారు. కథ మొదలయ్యేది 2000లో కాదు, 1993లో.

1992-93 సీజన్‌లో యూఈఎఫ్ఏ కప్ (ఛాంపియన్స్ లీగ్ కింది స్థాయి యూరప్ టోర్నీ) ఫైనల్ దాకా వెళ్లి, యువెంటస్ చేతిలో రెండు లెగ్‌లూ కలిపి 6-1తో చిత్తయ్యారు. కానీ మిగతా జర్మన్ క్లబ్బులు ముందే ఇంటిదారి పట్టడంతో టీవీ డబ్బులో సింహభాగం వీళ్ల ఖాతాలో పడింది. అప్పటి ప్రెసిడెంట్ గెర్ట్ నీబౌమ్, మేనేజర్ మిషాయెల్ మైయర్ ఆ డబ్బుతో ఇటలీలో ఆడుతున్న పెద్ద ఆటగాళ్లను వరసగా తెచ్చారు. ఇంటర్ నుంచి జామర్, లాజియో నుంచి రీడ్లె వచ్చారు. యువెంటస్ నుంచైతే మోల్లర్, యూలియో సీజర్, కోలర్, పాలో సౌసా ఒకరి వెనక ఒకరు వచ్చారు. 1995, 1996లో లీగ్, 1997 మే 28న మ్యూనిక్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో అదే యువెంటస్ మీద 3-1. పెట్టిన ప్రతి మార్కుకూ (యూరోకి ముందు జర్మన్ కరెన్సీ) కప్పు వచ్చింది. ఆ నమ్మకమే తర్వాత కొంప ముంచింది.

1999-2000లో పరిస్థితి తిరగబడింది. రెలిగేషన్ భయం, అంటే కింది లీగ్‌కి పడిపోతామన్న భయం పట్టుకుంది. చివరి ఐదు మ్యాచ్‌లకు పెద్దాయన, కోచ్ ఊడో లాటెక్‌ని పిలిపించి, పక్కన జామర్‌ని పెట్టి గట్టెక్కారు, 11వ స్థానం. అదే ఏడాది అక్టోబర్ 31న షేర్లు మార్కెట్లోకి వచ్చాయి, ఒక్కోటి 11 యూరోలు. జర్మనీలో లిస్టయిన మొదటి ఫుట్‌బాల్ క్లబ్ ఇదే. చేతికొచ్చింది 13 కోట్ల యూరోలకు పైగా. (ఇంగ్లీషు పేపర్లలో మిలియన్ అంటే మన పది లక్షలు, ఇక్కడ అన్నీ కోట్లలోనే రాస్తున్నాను.)

వెంటనే కొనుగోళ్లు. 2001 జనవరిలో రోసిట్స్కీకి 2.5 కోట్ల మార్కులు. ఆ వేసవిలో పార్మా నుంచి అమొరోసోకి 5 కోట్ల మార్కులు, అంటే సుమారు 2.5 కోట్ల యూరోలు. అప్పటికి బుండెస్‌లీగాలో అదే రికార్డు. అమొరోసో 18 గోల్స్ కొట్టాడు, 2002లో టైటిలూ వచ్చింది. ఆటపరంగా కొనుగోలు తప్పని ఎవరూ అనలేరు.

తప్పు బడ్జెట్లో ఉంది. ఈ జట్టు జీతాలకు ఏటా ఛాంపియన్స్ లీగ్ డబ్బు రావాల్సిందే. 2002 ఏప్రిల్‌లో లీగ్ టీవీ హక్కులు పట్టుకున్న కిర్ష్ మీడియా దివాలా తీసింది, అందరికీ టీవీ డబ్బు తగ్గింది. ఇక 2003 మే చివరి రోజు. సొంత మైదానంలో, అప్పటికే కింది లీగ్‌కి పడిపోయిన కొట్‌బుస్‌తో మ్యాచ్. గెలిస్తే రెండో స్థానం, నేరుగా గ్రూప్ దశ. 1-1 డ్రా అయింది. మూడో స్థానానికి జారి క్వాలిఫయర్ ఆడాల్సి వచ్చింది. ఆగస్టులో క్లబ్ బ్రూజ్ చేతిలో పెనాల్టీల్లో ఓడారు. అక్కడి నుంచి యూఈఎఫ్ఏ కప్‌కి దిగితే ఫ్రాన్స్‌లో సోషో జట్టు 4-0తో ఇంటికి పంపింది. ఒక్క డ్రాతో మొదలై ఆరు నెలల్లో ఏడాది ఆదాయానికి గండి పడింది. ఆటగాళ్లు జీతంలో 20 శాతం వదులుకున్నా పూడలేదు.

2003-04 లెక్కలు తేలేసరికి నష్టం 6.7 కోట్ల యూరోలు దాటింది. ఆ ఏడాది టర్నోవరే సుమారు 10 కోట్లు.

---

వెస్ట్‌ఫాలెన్_వీధి:

మాస్టారు అసలు ముడి ఒకటి వదిలేశారు: స్టేడియం.

1974 ప్రపంచ కప్ కోసం కట్టిన వెస్ట్‌ఫాలెన్‌స్టేడియాన్ని 1990లలో దఫదఫాలుగా పెంచుతూ వచ్చారు. 2006 ప్రపంచ కప్ ముందు నాలుగు మూలలూ కలిపేశారు. దక్షిణం వైపు నిలబడి చూసే స్టాండ్‌లోనే 24 వేల పైచిలుకు మంది పడతారు. ఈ ఖర్చులు నడుస్తుండగానే, 2002లో స్టేడియాన్ని మోల్సిరిస్ అనే రియల్ ఎస్టేట్ ఫండ్‌కి అమ్మి, మళ్లీ దాని దగ్గరే అద్దెకు తీసుకున్నారు.

ఈ పద్ధతి ఎలా దెబ్బతీస్తుందంటే, అమ్మిన రోజు పెద్ద మొత్తం చేతికొస్తుంది. కాగితం మీద ఆ ఏడాది లాభంలా కనిపిస్తుంది. కానీ మర్నాటి నుంచి అద్దె మొదలు. జట్టు మొదటి స్థానంలో ఉన్నా పదిహేనో స్థానంలో ఉన్నా అద్దె ఒకటే. ఆటగాడి జీతమైతే అతన్ని అమ్మేస్తే తగ్గుతుంది. ఎనభై వేల మంది పట్టే స్టేడియాన్ని ఖాళీ చేసి పక్క వీధిలో చిన్నది చూసుకుంటామంటే కుదరదు కదా. పైగా బ్యాంకు దగ్గర అప్పు తేవడానికి తాకట్టు పెట్టే ఆస్తి కూడా చేజారిపోయింది.

2004 నవంబర్‌లో నీబౌమ్ ప్రెసిడెంట్ కుర్చీ దిగాడు, రైన్‌హార్ట్ రౌబాల్ వచ్చాడు. 2005 ఫిబ్రవరిలో కంపెనీ పగ్గాలు కోశాధికారి హాన్స్-యోఆఖిమ్ వాట్స్కే చేతికొచ్చాయి. ఆ నెల 17న మార్కెట్‌కి అధికారిక ప్రకటన ఇచ్చారు: పరిస్థితి క్లబ్ ఉనికికే ముప్పుగా ఉందని. లిస్టయిన కంపెనీ కాబట్టి దాచే వీల్లేదు, చెప్పి తీరాలి.

మార్చి 14న డ్యూసెల్‌డోర్ఫ్ విమానాశ్రయంలోని ఒక హాల్లో మోల్సిరిస్ మదుపరుల సమావేశం. మొత్తం ఐదు వేల ఎనిమిది వందల మంది దాకా చిన్నచిన్న మదుపరులు. వాళ్లలో చాలామందికి ఫుట్‌బాల్‌తో సంబంధమే లేదు, పన్ను కలిసొస్తుందని డబ్బు పెట్టినవాళ్లు. వాళ్ల ముందున్న ప్రశ్న ఇది: అద్దె వాయిదా వేసి, పూచీగా పెట్టిన డిపాజిట్‌తో స్టేడియంలో కొంత భాగాన్ని క్లబ్ తిరిగి కొనుక్కోవడానికి ఒప్పుకుంటారా, లేదా? కాదంటే క్లబ్ దివాలా. అప్పుడు వాళ్ల చేతిలో మిగిలేది అద్దెకుండే జట్టు లేని స్టేడియం. 94 శాతానికి పైగా ఓట్లు అవుననే పడ్డాయి. డోర్ట్‌ముండ్ చరిత్రలో అతి ముఖ్యమైన మ్యాచ్ ఏదంటే మ్యూనిక్ ఫైనల్ కాదు, ఈ మీటింగే అంటాను.

ఆ తర్వాత జరిగింది క్లుప్తంగా. 2005 చివర్లో స్టేడియం పేరును సిగ్నల్ ఇడూనా బీమా కంపెనీకి అమ్మారు. 2006లో అమెరికా బ్యాంకు మోర్గాన్ స్టాన్లీ నుంచి 7.9 కోట్ల అప్పు తెచ్చి స్టేడియాన్ని మోల్సిరిస్ నుంచి విడిపించుకున్నారు. 2008లో మార్కెటింగ్ హక్కుల మీద స్పోర్ట్‌ఫైవ్ అనే కంపెనీతో పన్నెండేళ్ల ఒప్పందం చేసుకుని, 5 కోట్లు ముందే తీసుకుని ఆ అప్పును గడువుకన్నా ముందే తీర్చేశారు. ఇదీ రేపటి ఆదాయాన్ని ఇవాళే తినడమే కదా అనొచ్చు. నిజమే, కానీ ఈసారి ఆ డబ్బు సెంటర్ ఫార్వర్డ్‌కి పోలేదు, వడ్డీ కట్టే అప్పుకి పోయింది.

బయెర్న్ సంగతి: అప్పు ఇచ్చిన మాట నిజం. సంక్షోభం ముదురుతున్న రోజుల్లో తాకట్టు లేకుండా 20 లక్షల యూరోలు ఇచ్చారు, ఆ విషయం 2012లో అప్పటి బయెర్న్ ప్రెసిడెంట్ ఉలీ హోనెస్ బయటపెట్టాడు. డోర్ట్‌ముండ్ వడ్డీతో సహా తిరిగిచ్చేసింది. కానీ అప్పులు 10 కోట్లు దాటిన చోట 20 లక్షలు ఏ మూలకి? ఆ నెల జీతాలకు ఆసరా అయిందంటే ఒప్పుకుంటాను. బతికించింది మాత్రం మదుపరులు.

---

గోల్‌కీపర్_గారి_తాలూకు:

50+1 గురించి.

1998 అక్టోబర్‌లో జర్మన్ ఫుట్‌బాల్ సమాఖ్య క్లబ్బులకు ఒక వీలు కల్పించింది. ప్రొఫెషనల్ జట్టును విడిగా కంపెనీగా మార్చుకోవచ్చు, కానీ ఆ కంపెనీలో ఓట్లు సగం కన్నా ఒకటైనా ఎక్కువ సభ్యుల క్లబ్ చేతిలోనే ఉండాలి. లేవర్‌కుసెన్, వోల్ఫ్స్‌బుర్గ్ లాంటి మినహాయింపులు వేరే సంగతి.

డోర్ట్‌ముండ్ ఎంచుకున్నది మామూలు కంపెనీ రూపం కాదు. జర్మన్ చట్టంలో కేజీఏఏ అని ఒకటుంది. అందులో రెండు రకాల భాగస్వాములు. ఒకరు షేర్లు కొన్నవాళ్లు, డబ్బు వాళ్లది. ఇంకొకరు పూర్తి బాధ్యత మోసే భాగస్వామి, యాజమాన్యం వాళ్లది. మన ఉమ్మడి కుటుంబంలో కర్త లాంటివాడు అనుకోండి. వాటాలు అందరికీ ఉంటాయి, సంతకం మాత్రం కర్తదే. డోర్ట్‌ముండ్‌లో ఆ కర్త స్థానంలో ఉన్నది ఒక చిన్న జీఎంబీహెచ్ (మన ప్రైవేట్ లిమిటెడ్ లాంటి కంపెనీ), దాని యజమాని నూటికి నూరు శాతం సభ్యుల క్లబ్. ఈ రూపంలో ఉన్నవాళ్లకి సగం షేర్లు ఉండాలన్న షరతు లేదు, కర్త స్థానం క్లబ్‌ది అయితే చాలు. అందుకే 5 శాతంతోనైనా పెత్తనం చెల్లుతుంది.

ఆచరణలో ఇది ఎలా పనిచేస్తుందో చూడండి. వాటాదారులు సూపర్‌వైజరీ బోర్డును ఎన్నుకుంటారు. మామూలు జర్మన్ కంపెనీలో ఆ బోర్డే మేనేజర్లను నియమిస్తుంది, తీసేస్తుంది. ఇక్కడ ఆ అధికారం లేదు, జీఎంబీహెచ్‌లోని సలహా మండలిది ఆ పని. పెద్ద తీర్మానాలకు వాటాదారుల ఓటుతో పాటు కర్త సమ్మతి కూడా కావాలి. ఎవరైనా కోటీశ్వరుడు మార్కెట్లో 60 శాతం షేర్లు కొన్నా, కోచ్‌ని మార్చడం మాట అటుంచి, కంపెనీ నడిపే మేనేజర్ని కూడా కదపలేడు.

దీనికి రెండో వైపు కూడా ఉంది, అభిమానులు దాన్ని చెప్పరు. 2000 నుంచి 2004 దాకా నీబౌమ్ ఒక వైపు క్లబ్ ప్రెసిడెంట్, ఇంకో వైపు కంపెనీ మేనేజర్. షేర్లు కొన్నవాళ్లు ఖర్చు ఎక్కువవుతోందని మొత్తుకున్నా ఆపే దారి లేదు. ఏ రూల్ బయటివాళ్లను ఆపిందో, లోపలివాళ్లకు పగ్గం లేకుండా చేసిందీ అదే.

---

వరంగల్_వింగర్:

అందరికీ థాంక్స్, మోల్సిరిస్ పేరే ఎప్పుడూ వినలేదు. అయితే గోల్‌కీపర్ గారూ, షేరు కొన్నవాడు గుడి హుండీలో వేసినట్టేనా?

---

గోల్‌కీపర్_గారి_తాలూకు:

దాదాపు అంతే, రసీదు ఇస్తారు. 11 యూరోలకు అమ్మిన షేరు 2009 ప్రాంతంలో ఒక యూరో కిందికి పోయింది. 2019లో 10 దగ్గరికి ఎగబాకి మళ్లీ జారింది. 2012లో ఇచ్చిన డివిడెండ్ షేరుకి 6 సెంట్లు, కోవిడ్ ఏళ్లలో అదీ లేదు. ఎవోనిక్, సిగ్నల్ ఇడూనా, ప్యూమా లాంటి స్పాన్సర్లు పది శాతం లోపు వాటాలు పట్టుకుని కూర్చున్నారు. వాళ్లకి కావలసింది డివిడెండ్ కాదు, బంధం.

ఈ షేరు వల్ల జరిగిన ఘోరం కూడా ఒకటుంది. 2017 ఏప్రిల్ 11న మొనాకోతో మ్యాచ్‌కి వెళ్తున్న జట్టు బస్సు పక్కన మూడు బాంబులు పేలాయి, డిఫెండర్ మార్క్ బార్ట్రా చేతికి దెబ్బ తగిలింది. మొదట అందరూ ఉగ్రవాదమనుకున్నారు. తీరా చూస్తే నిందితుడు అప్పు చేసి, షేరు ధర పడితే లాభమొచ్చే పుట్ ఆప్షన్లు కొని పెట్టుకున్నాడు. 2018లో కోర్టు పద్నాలుగేళ్ల శిక్ష వేసింది.

---

కరీంనగర్_కార్నర్:

అన్నా, మీరందరూ లాయర్ల ముచ్చట్లు, బ్యాంకుల ముచ్చట్లే చెప్తున్నరు. కోచ్ క్లోప్ రాకపోతే ఇదంతా ఏడికి పోయేది? 2008ల వచ్చినప్పుడు జట్టు 13వ స్థానంల ఉండె. మూడేళ్లల్ల ఛాంపియన్. కగావా సెరెజో ఒసాకా నుంచి మూడున్నర లక్షల యూరోలకే వచ్చిండు. లెవాండొవ్‌స్కీ సుమారు 45 లక్షలు. పిష్చెక్ అయితే ఫ్రీ. 2012ల 81 పాయింట్లు, ఆ పైన కప్ ఫైనల్ల బయెర్న్‌కి 5-2. గా ఖర్చుల గసుంటి జట్టు ఎవరు కట్టిన్రు చెప్పున్రి?

---

లెక్కల_మాస్టారు:

క్లోప్‌ని ఎవరూ తక్కువ చేయట్లేదు తమ్ముడూ. కానీ ఆ చవక కొనుగోళ్లు కోచ్ ఒక్కడి ఆలోచన కాదు, స్పోర్టింగ్ డైరెక్టర్ మిషాయెల్ జోర్క్, స్కౌట్ల పని కూడా. పైగా అది అవసరం నేర్పిన విద్య. చేతిలో డబ్బు లేదు కాబట్టి ఇరవై ఏళ్లవాళ్లను వెతికారు.

ఆ పద్ధతిలో లెక్క ఎలా నడుస్తుందో చూపిస్తాను. ఆటగాడికి ఇచ్చిన ఫీజు ఒకేసారి ఖర్చు కింద రాయరు, కాంట్రాక్టు ఏళ్లకు సమానంగా పంచుతారు. 2016లో రెన్ నుంచి డెంబెలే సుమారు 1.5 కోట్లకు వచ్చాడు, 2021 దాకా కాంట్రాక్టు. అంటే ఏడాదికి 30 లక్షల ఖర్చు. ఏడాది తర్వాత పుస్తకాల్లో అతని విలువ 1.2 కోట్లు. 2017లో బార్సిలోనా ఇచ్చింది 10.5 కోట్లు, పైన బోనసులు వేరే. పుస్తక లాభం 9.3 కోట్లు, అందులోంచి పాత క్లబ్ వాటా, ఏజెంట్ల కమిషన్ పోతాయి. సాంచో, బెల్లింగ్‌హామ్ అమ్మకాల్లోనూ సూత్రం ఇదే.

ఎక్కడ బెడిసికొడుతుందంటే, మొదటిది కాంట్రాక్టు పూర్తిగా అరిగిపోవడం. 2014లో లెవాండొవ్‌స్కీ పైసా రాకుండా బయెర్న్‌కి వెళ్లిపోయాడు. రెండోది రిలీజ్ క్లాజ్, అంటే ఇంత ఇస్తే ఆటగాణ్ని వదిలేయాలన్న షరతు. గొట్జెకి 3.7 కోట్లు, హాలండ్‌కి 6 కోట్లు అని కాగితం మీద ముందే ఉంటే బేరమాడే దారి లేదు. అయితే ఆ క్లాజ్ పెట్టకపోతే హాలండ్ అసలు వచ్చేవాడు కాదు, అది గుర్తుంచుకోవాలి. మూడోది నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనిపిస్తుంది: జట్టు ఎప్పుడూ కుదురుకోదు. 2023 మే 27న మైంజ్ మీద గెలిస్తే టైటిల్. హాలర్ పెనాల్టీ మిస్, 2-2. అటు కొలోన్‌లో ముసియాలా 89వ నిమిషంలో గోల్ కొట్టడంతో బయెర్న్ గోల్ తేడాతో ఎగరేసుకుపోయింది. ఇద్దరికీ 71 పాయింట్లే. ఆ వేసవిలోనే బెల్లింగ్‌హామ్ మాడ్రిడ్ విమానం ఎక్కాడు.

ఇక చివరి మాట. 2005 మళ్లీ రాదా అంటే, ఒక పోలిక చాలు. కోవిడ్‌తో ఖాళీ స్టాండ్ల మధ్య ఆడిన 2020-21లో డోర్ట్‌ముండ్ నష్టం 7.28 కోట్ల యూరోలు. 2003-04 నష్టం కన్నా ఎక్కువ! అయినా ఎవరూ విమానాశ్రయం హాల్లో మీటింగ్ పెట్టలేదు. కారణాలు మూడు కనిపిస్తాయి. టర్నోవర్ 33 కోట్లు దాటింది కాబట్టి నష్టం నిష్పత్తిలో చిన్నది. స్టేడియం సొంతం, కాబట్టి అద్దె లేదు. 2014లో కొత్త షేర్లతో తెచ్చిన 14 కోట్లతో పాత అప్పు దాదాపు తుడిచేశారు, 2021లో మళ్లీ 8.6 కోట్లు తెచ్చారు. అదే షేర్ మార్కెట్, అదే క్లబ్. ఈసారి డబ్బు ఎటు పోయిందన్నదే తేడా.

---

వరంగల్_వింగర్:

ఈ పోలిక అదిరింది మాస్టారూ. ఈ లెక్కలు నేరుగా చూసుకోవాలంటే వార్షిక నివేదికలో ఏ పేజీ తిప్పాలి?

---

లెక్కల_మాస్టారు:

వాళ్ల ఆర్థిక సంవత్సరం జూలై 1 నుంచి జూన్ 30. నివేదిక జర్మన్, ఇంగ్లీషు రెండింట్లో పెడతారు, వాటాదారుల సమావేశం నవంబర్ ప్రాంతంలో. మొదటి పేజీల్లో పెద్ద అక్షరాల్లో ఒక "మొత్తం రాబడి" అంకె కనిపిస్తుంది, దాన్ని నమ్ముకుని కూర్చోకండి. అందులో ఆటగాళ్లను అమ్మిన డబ్బు కూడా కలిపేస్తారు, పేపర్లు దాన్నే "రికార్డు ఆదాయం" అని వేసేస్తాయి. అమ్మకాలు తీసేసిన టర్నోవర్ విడిగా ఉంటుంది, అది పట్టుకోండి. దాని పక్కన సిబ్బంది ఖర్చు పెట్టి శాతం కట్టండి. తర్వాత నగదు ప్రవాహ పట్టికకి వెళ్లండి. ఆటగాళ్ల మీద ఆ ఏడాది నిజంగా ఎంత చెల్లించారు, ఎంత వచ్చింది అనేది అక్కడుంటుంది, ఎందుకంటే ట్రాన్స్‌ఫర్ ఫీజులు చాలావరకు వాయిదాల్లో కడతారు. చివరగా అనుబంధ వివరణల్లో లీజు బాధ్యతల వరస చూడండి. 2004లో ఎవరైనా ముందు తిప్పాల్సిన పేజీ అదే.